బోర్డో మిశ్రమంలో ముంచిన చాకు ఎర్రబడుతోంది, సున్నం ఇంకా కలపాలా?

కూకట్‌పల్లిలో మా మేడ మీది కుండీలో ఉన్న నిమ్మచెట్టుకు గజ్జి తెగులు సోకడంతో, బేగంబజార్‌లో కొన్న మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 10 గ్రాములు, సున్నం 10 గ్రాములు చెరో అర లీటరు నీటిలో విడిగా కలిపి, ప్లాస్టిక్ బకెట్‌లో 1 శాతం బోర్డో మిశ్రమం తయారు చేశాను. అందులో ముంచిన ఇనుప చాకు అంచున ఎర్రని రాగి పొర పట్టింది. అంటే ఆకులను మాడ్చే కాపర్ సల్ఫేట్ ఇంకా మిగిలి ఉన్నట్లే. పాత సున్నం గాలి తగిలి కొంత కాల్షియం కార్బోనేట్‌గా మారి ఉంటుందని నా అనుమానం. చాకు ఎర్రబడనంత వరకు సున్నపు నీరు కలుపుతూ పోవచ్చా, లేక తాజా సున్నంతో మళ్లీ చేయడమే మేలా? పిచికారీ తుంపర పక్కనున్న కరివేపాకుపై పడితే ఎన్నాళ్లు కోయకూడదో, మట్టిలో ఎంతకీ విచ్ఛిన్నం కాని రాగి కుండీలో పేరుకోకుండా ఏం చేయాలో కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.