ప్రతి బూట్‌లోనూ ఎఫ్‌ఎస్‌సీకే ఎందుకు నడుస్తోంది?

ప్రశ్న:
నా కంప్యూటర్‌లో లినక్స్ ఉంది. సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ రకానిది. నెల రోజులుగా బూట్ సమయంలో, ఫైల్‌సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) తనంతట తానే మొదలై చాలాసేపు సాగుతోంది. రాత్రి ప్లగ్ దగ్గర స్విచ్ ఆపి మర్నాడు వేస్తే, చివరి తనిఖీ సమయం భవిష్యత్తులో ఉందంటుంది. కాసేపటికి రీస్టార్ట్ చేస్తే, అరగంట కిందట తనిఖీ ముగిసిన అదే పార్టిషన్ 1,127 రోజులుగా తనిఖీ లేకుండా ఉందంటుంది. తప్పులేవీ దొరకడం లేదు. ఎన్ని మౌంట్‌లకు (పార్టిషన్‌ను వాడకానికి జోడించడం) ఒకసారి తనిఖీ జరగాలో చెప్పే గరిష్ఠ సంఖ్యను మైనస్ 1 చేసి ఆ లెక్కను ఆపేసినా ఫలితం లేదు. పార్టిషన్ల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో, బూట్ తనిఖీ వరుసను చెప్పే చివరి అంకెను సున్నా చేసేయవచ్చా?

మొదటి సమాధానం:
దయచేసి సున్నా చేయకండి. ఆ అంకె రూట్‌కు 1గా, మిగతా పార్టిషన్లకు 2గా ఉండడం సబబు. సున్నా చేస్తే, ఫైల్‌సిస్టమ్ నిజంగా దెబ్బతిన్న రోజున కూడా తనిఖీ జరగకపోవచ్చు. మీరు రాసిన రెండు సందేశాలూ గడియారం వైపే వేలు చూపిస్తున్నాయి. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు ఆపగానే తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతుంది; ఎఫ్‌ఎస్‌సీకే ఆ పాత తేదీనే చివరి తనిఖీగా రాసుకుంటుంది; తరువాత నెట్‌వర్క్ నుంచి సరైన సమయం వస్తుంది కనుక, రీస్టార్ట్‌లో మధ్య కాలమంతా తనిఖీ లేని రోజులుగా లెక్కకు వస్తుంది. మౌంట్‌ల సంఖ్యను బట్టి జరిగే తనిఖీ వేరు, ఇన్ని రోజులకొకసారి అనే గడువును బట్టి జరిగేది వేరు. పార్టిషన్ సెట్టింగులు చూపే ట్యూన్2ఎఫ్‌ఎస్‌ను మైనస్ ఎల్‌తో (-l) నడిపి, చెక్ ఇంటర్వల్ (తనిఖీ గడువు) అనే వరుసలో ఏముందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కడ 15552000 సెకన్లు, అంటే ఆరు నెలలు అని ఉంది. స్విచ్ ఆపి వేశాక బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల తెర) చూస్తే తేదీ మూడేళ్లు వెనక ఉంది. బ్యాటరీ మారుస్తాను.

రెండో సమాధానం:
180 రోజుల గడువు పాత అలవాటు. ఈ పనిముట్లన్నీ ఉండే ప్యాకేజీ ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 1.42 నుంచి కొత్తగా ఫార్మాట్ చేసే పార్టిషన్లకు ఇలాంటి గడువు పెట్టడం మానేశారు. మీది అంతకుముందుదై ఉండాలి. దాన్ని ఉంచుకున్నా నష్టం లేదు. బ్యాటరీ మార్చి, బయాస్‌లో తేదీ సరిచేశాక మరొక్కసారి తనిఖీ జరిగితే కంగారు పడకండి. అయితే ఎఫ్‌ఎస్‌సీకేను చేతితో నడపమంటూ బూట్ మధ్యలోనే ఆగిపోతే మాత్రం అది గడియారం సంగతి కాకపోవచ్చు. అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, పార్టిషన్ మౌంట్ కాకుండా ఉన్నప్పుడే నడపాలి. దానికంటే ముందు డేటాకు బ్యాకప్ తీసుకుని, స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి.