ఇద్దరు పిల్లలతో కొత్త పోర్షన్‌లో దిగారు, ఇంట్లో సామాను లేదు. ఏం చేయాలి?

మల్లెతీగ: పొద్దున తొమ్మిదింటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాను, నాలుగైంది, ఒక్క పనీ కాలేదు. మా పై పోర్షన్‌లోకి ఇద్దరు పిల్లలతో ఒకావిడ వచ్చింది. సింగిల్ పేరెంట్. రెండు బ్యాగులు, ఒక బిందె, అంతే. తెలిసినవాళ్లకి మెసేజ్ పెడితే మూడు సంచుల పాత చీరలు, గాజు బొమ్మలు, గ్యాస్కెట్ లేని కుక్కర్ వచ్చాయి. ఒక సంస్థకి ఫోన్ చేస్తే విడిగా ఒక్క ఇంటికి ఇవ్వం అన్నారు. పిల్లలు ఉత్త బండల మీద పడుకుంటున్నారు. దయచేసి దారి చెప్పండి.

గట్టుమీద: ఏ ఊరు?

నాచారం అత్తయ్య: అమ్మా, ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా పాత పరుపు మాత్రం తీసుకోవద్దు. నల్లులు! మా ఇంట్లో ఒక్క పరుపుతో వచ్చి ఏడాది పాటు ఏడిపించాయి. కుట్ల వెంబడి, చెక్క మంచం సందుల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే ఇంటి గడప దాటనివ్వకు. ఇనుప మడత మంచం నయం, మరిగే నీళ్లు పోసి కడగొచ్చు. దుప్పట్లు వేణ్నీళ్లలో ఉతికి ఎర్రటి ఎండలో ఆరేయాలి. చాప, బొంత కొత్తవే కొనండి.

గట్టుమీద: ఊరు చెప్పలేదు ఇంకా.

మల్లెతీగ: హైదరాబాదే అండీ, ఉప్పల్ దగ్గర. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.

సెకండ్‌హ్యాండ్ సాయి: అది ముందే చెప్పాలి కదక్కా, బీరువా ఇస్తానని రాయబోయాను, మూడో అంతస్తుకి మోయించే ఖర్చే ఎక్కువ. ఎర్రగడ్డలో ఆదివారం సంతకి వెళ్లండి, లేదంటే గురువారం జుమ్మెరాత్ బజార్. ఫ్యాన్ కొంటే అక్కడే తిప్పి చూడండి. ముందు ఆవిడని అడిగి కావాల్సినవి రాసుకోండి, ఆ లిస్టే మెసేజ్‌లో పెట్టండి. "ఏదైనా ఇవ్వండి" అంటే చీరలే వస్తాయి.

పింఛను మాస్టారు: సింగిల్ పేరెంట్ కాదు, ఒంటరి మహిళ అనండి. తెలంగాణలో 2017 నుంచి ఆ పేరుతోనే పింఛను ఉంది.

నాచారం అత్తయ్య: ఇద్దరు పిల్లలు పక్కనుంటే ఒంటరి ఏమిటండీ? ఆవిడ ముందు ఆ మాట అనకండి. మా చెల్లెలు ఆ మాట విన్నప్పుడల్లా భోజనం మానేసేది.

పింఛను మాస్టారు: బాధ అర్థమైందమ్మా. కానీ దరఖాస్తులో ఆ మాటే ఉంటుంది, నేను మార్చలేను.

గట్టుమీద: గ్యాస్ ఉందా?

మల్లెతీగ: లేదు. కనెక్షన్ ఆయన పేరు మీద ఉందట, ఆ ఇంటికి మళ్లీ వెళ్లదు.

గట్టుమీద: 5 కిలోల సిలిండర్ తీసుకోండి. గుర్తింపు కార్డు చాలు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. పాత స్టవ్ ఎవరైనా ఇస్తే ట్యూబ్ మాత్రం కొత్తది వేయండి. పేద మహిళలకి గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్వల పథకం గురించి ఏజెన్సీలో అడగండి, ఆయన కనెక్షన్ సంగతి దాచకుండా చెప్పండి.

సెకండ్‌హ్యాండ్ సాయి: మా ఇంట్లో రెండు బర్నర్ల స్టవ్ ఖాళీగా ఉంది. రేపు ట్రాలీ ఆటోలో మడత మంచంతో పాటు వేసి పంపిస్తా.

మల్లెతీగ: స్టవ్, మంచం అందాయి. సాయంత్రం అన్నం వండుకున్నారు. అందరికీ థాంక్స్. ఫ్యాన్ ఇంకా దొరకలేదు.

గట్టుమీద: సీలింగ్ ఫ్యానా, టేబుల్ ఫ్యానా?