పాత స్పోర్ట్ ఏటీవీకి టూల్ బాక్స్: బుల్లెట్ డబ్బా వెల్డింగ్ చేయించాలా, పైపు కట్టాలా, అసలు డబ్బాయే వద్దా?

ఉద్దానం కుర్రోడు (కాశీబుగ్గ)

అందరికీ నమస్కారం. మా మావయ్య దగ్గర హోండా టీఆర్‌ఎక్స్ 400 ఈఎక్స్ ఉంది, ఇసకలో, మట్టిలో తిరిగే నాలుగు చక్రాల బండి (ఏటీవీ). 1999లో వచ్చిన మొదటి మోడల్ కాదు, రివర్స్ గేర్ ఇచ్చిన తర్వాతది. బీచ్ రైడ్లు నడిపే ఒకాయన వ్యాపారం మానేస్తూ అమ్మితే కొన్నాడు. రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి వజ్రపుకొత్తూరు వైపు మా జీడితోటలోనూ, పక్కనున్న ఇసక దిబ్బల్లోనూ తిరుగుతుంది, అంతే.

సమస్య ఏంటంటే, వెనక మడ్‌గార్డు దగ్గర ఉండాల్సిన ప్లాస్టిక్ టూల్ బాక్స్ మా చేతికి వచ్చేసరికే లేదు. కన్నాలు మాత్రం మిగిలాయి. ఒరిజినల్ తెప్పించుకోవాలంటే బయటి దేశం నుంచే రావాలి. డబ్బా ధర కన్నా రవాణా, కస్టమ్స్ ఎక్కువయ్యేలా ఉన్నాయి. మా మెకానిక్ ఏమో పాత బుల్లెట్ పక్కన ఉండే ఇనప టూల్ బాక్స్ తెచ్చి, వెనక గ్రాబ్ బార్‌కి (సీటు వెనక పట్టుకునే గొట్టం) వెల్డింగ్ పెట్టేద్దాం అంటున్నాడు. మావయ్య రెడీ. నాకే టెన్షన్‌గా ఉంది. తోట లోపల ఫోన్ సిగ్నల్ అందదు, పనిముట్లు లేకుండా వెళ్లలేం. ఈ బండికి కిక్కర్ కూడా లేదు, అంతా సెల్ఫ్ స్టార్టే. ఏం చేయమంటారు?

గ్యాస్ కటింగ్ (పలాస)

ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? మీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్. బుల్లెట్ డబ్బా రేకు మందం చూశావా? తాళం ఉంటుంది, వానకి లోపల తడవదు, కింద పడినా సొట్ట పడుతుంది గానీ పగలదు. ఈ ఏటీవీల ప్లాస్టిక్ డబ్బాలు రెండు ఎండాకాలాలకే పెళుసెక్కిపోతాయి. గ్రాబ్ బార్ మంచి గొట్టం, రెండు చిన్న ప్లేట్లు పెట్టి అతికిస్తే ఎక్కడికీ పోదు. నేను ట్రాక్టర్లకి, పవర్ టిల్లర్లకి ఇలాంటివి ఎన్నో చేశాను, ఒక్కటీ ఊడి రాలేదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

ట్రాక్టరుకి చేసింది దీనికి పనికిరాదన్నా. ట్రాక్టరు మీద మనిషి కూర్చున్న చోటే ఉంటాడు. స్పోర్ట్ ఏటీవీ మీద మనిషి కూర్చోడు, కదులుతాడు. ఆ సీటు అంత పొడుగ్గా ఉండేది ఇద్దరు కూర్చోడానికి కాదు. దిబ్బ ఎక్కేటప్పుడు ముందుకి జరగాలి, దిగేటప్పుడు వెనక్కి వెళ్లి నడుము దాదాపు గ్రాబ్ బార్ మీదకి తేవాలి, మలుపులో ఒక పిర్ర సీటు బయటికి రావాలి. సరిగ్గా నడుము వెనక్కి వచ్చే చోట ఇనప డబ్బా అంచు ఉంటే? దిగేటప్పుడు ఒక్క గుంత తగిలితే అది వెళ్లి ముడ్డిపూస మీద కొడుతుంది. బండి వెనక్కి తిరగబడిందంటే అసలు చెప్పక్కర్లేదు.

రెండోది బరువు. డబ్బా, అందులో పానాలు, ప్లేయరు, పంపు అన్నీ కలిపితే ఐదారు కిలోలకి తగ్గదు. ఇదంతా వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతుంది. ఇసకలో ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేవడం ఈ బండ్లకి మామూలే, దానికి మనమే సాయం చేసినట్టు అవుతుంది. పొలం పనులకి వాడే యుటిలిటీ ఏటీవీకి ముందూ వెనకా ఇనప క్యారియర్లు ఉంటాయి, వాటి మీద ఎరువు బస్తా వేసినా పర్లేదు. ఈ బండికి క్యారియర్ ఇవ్వకపోవడానికి ఒక కారణం ఉంది.

మూడోది వెల్డింగ్. గ్రాబ్ బార్ వరకే అయితే సరే, పోతే అదొక్కటే పోతుంది. కానీ మన షాపుల్లో ఒకసారి రాడ్ వెలిగించాక "ఇక్కడ కూడా ఒక టాకా వేద్దాం" అని సీటు వెనక భాగాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ గొట్టం మీదకి వెళ్లిపోతారు. ఆ గొట్టం పల్చన. వేడి తగిలిన చోటు పక్కనే తర్వాత బీట వస్తుంది. ఎవరైనా వెల్డింగ్ చేయిస్తే ముందు బ్యాటరీ వైర్లు రెండూ విప్పించండి. లేకపోతే సీడీఐ (ప్లగ్‌కి కరెంటు పంపే డబ్బా), రెగ్యులేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

బొబ్బిలి బావ

ఇనుము వద్దంటే కంచు సామాన్లకి పేరున్న బుడితి వెళ్లి కంచుతో చేయించండి బావూ, తుప్పు గొడవే ఉండదు. పెళ్లికి కట్నం కిందా ఇవ్వొచ్చు.

గ్యాస్ కటింగ్ (పలాస)

@నాగావళి ఒడ్డు, మీరు చెప్పేది రేసింగ్ చేసేవాళ్ల సంగతి. వాళ్ల మావయ్య జీడితోటలో పిక్కల బస్తాల దగ్గరికి వెళ్లి వస్తాడు గానీ దిబ్బల మీద ఎగరడు కదా. ఐదు కిలోలకే బండి తిరగబడేలా ఉంటే కడుపు నిండా తిన్న మనిషి ఎక్కినా తిరగబడాలి. పైగా ఊరివాళ్ల సంగతి మీకు తెలీదు. సీటు కింద పెట్టిన ప్లగ్ పానా కూడా మిగలదు. తాళం లేని డబ్బా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కువైట్‌లో కంచిలి

ఇక్కడ ఎడారిలో శుక్రవారం వస్తే వందల బండ్లు దిగుతాయి. స్పోర్ట్ మోడల్ మీద ఇనప డబ్బా బిగించినోణ్ణి నేను చూడలేదు. నడుముకి ఒక బ్యాగు, హ్యాండిల్ ముందు ఒక చిన్న సంచి, పెద్ద పనిముట్లన్నీ వెనక వచ్చే పికప్‌లో. అలవాటైతే నడుము బ్యాగే సుఖం, బరువు మనతోనే కదులుతుంది.

ఇంకో మాట. డబ్బా కన్నా ముందు అందులో ఏం పెట్టాలో తేల్చుకో తమ్ముడూ. బండితో కంపెనీ ఇచ్చే కిట్ ఎంతుంటుంది? చిన్న ప్లాస్టిక్ పర్సు అంత. అందులో గాలి చూసే గేజీ మాత్రం పారేయొద్దు. ఈ టైర్లలో గాలి 4 పీఎస్‌ఐ చుట్టూ ఉంటుంది, పంక్చర్ షాపు గేజీ పెడితే ముల్లు లేవను కూడా లేవదు. షాపువాడు అలవాటు కొద్దీ 20 కొట్టేస్తే బండి బంతిలా ఎగురుతుంది.

కోట జంక్షన్ ప్లంబర్ (విజయనగరం)

అందరూ ఇనుమూ గుడ్డా అంటున్నారు గానీ పనిముట్లు పెట్టుకోడానికి పైపు వాడొచ్చని ఎవరూ అనరేం? 110 ఎంఎం పీవీసీ పైపు అడుగుంపావు ముక్క తీసుకోండి. ఒక పక్క ఎండ్ క్యాప్ సొల్యూషన్‌తో అతికించండి. రెండో పక్క మర ఉన్న డోర్ క్యాప్ పెట్టండి, చేత్తో తిప్పితే వస్తుంది. గ్రాబ్ బార్ కింద అడ్డంగా పెట్టి రెండు యూ క్లాంపులు వేస్తే అయిపోయింది. అన్నీ హార్డ్‌వేర్ షాపులో దొరికేవే, ఖర్చు ఇనప డబ్బాలో సగం కూడా అవదు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి గుచ్చుకునే మూల ఉండదు. ఉప్పుగాలికి ఏమీ కాదు. వెల్డింగ్ అక్కర్లేదు, మడ్‌గార్డుకి కన్నం అక్కర్లేదు, నచ్చకపోతే విప్పేసి బాత్రూముకి వాడుకోవచ్చు.

జాగ్రత్త ఒక్కటే. సైలెన్సర్ ఉన్న వైపు పైపు చివర రాకూడదు. వేడి 80 డిగ్రీలకి చేరితే పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. నాలుగు వేళ్ల ఎడం అయినా ఉంచండి, ఇంకా అనుమానం ఉంటే మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి.

గ్యాస్ కటింగ్ (పలాస)

తాళం?

కోట జంక్షన్ ప్లంబర్ (విజయనగరం)

క్యాప్‌కీ పైపుకీ కలిపి అడ్డంగా కన్నం వేసి చిన్న తాళం వేసుకోండి. పైపునే కోసుకుపోయే దొంగ ఉంటే వాడికి మీ డబ్బా రేకు ఒక లెక్కా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

పైపు ఆలోచన డబ్బా కన్నా మేలు, ఒప్పుకుంటాను. కానీ గ్రాబ్ బార్ కింద అంటున్నారు కదా, అక్కడ ఎంత ఖాళీ ఉందో బండి నిలబెట్టి కొలిస్తే లాభం లేదు. గుంతలో పడినప్పుడు వెనక చక్రాలు, ఇరుసు, చైన్ పళ్లచక్రం అన్నీ పైకి వస్తాయి. ఇద్దరు బరువైన మనుషుల్ని వెనక నిలబెట్టి గట్టిగా ఊపించి, షాక్ అబ్జార్బర్ పూర్తిగా దిగినప్పుడు టైరుకీ పైపుకీ మధ్య ఎంత మిగిలిందో చూడండి. తెలుసుకోవాలంటే పైపు కింద చిన్న బంకమట్టి ముద్ద అతికించి ఒక రౌండ్ తిప్పి తీసుకురండి, ముద్ద నలిగిందంటే తగులుతున్నట్టే.

కోరమాండల్ (బారువ)

ఒక్క మాట, విషయం పక్కకి పోతుందని తెలిసినా చెప్తున్నాను. దిబ్బలు అన్నారు కాబట్టి. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, పిల్లలు బయటికి వచ్చేసరికి ఇంకా నెలన్నర పైనే. ఆ కాలంలో బండి తోట దాటి ఇసకలోకి దింపొద్దు. చక్రం జాడల్లో తాబేలు పిల్ల పడితే ఎక్కలేదు, సముద్రం వైపు పోలేదు.

ఉద్దానం కుర్రోడు (కాశీబుగ్గ)

@కోరమాండల్, మంచి మాట గురువుగారూ. దిబ్బలంటే తోటకి ఆనుకుని ఉన్నవే, నీళ్ల దాకా వెళ్లం. మావయ్యకీ చెప్తాను.

ఈరోజు టేపు పెట్టి చూశాం. బండి మామూలుగా నిలబెట్టినప్పుడు గ్రాబ్ బార్ కింద పైపు హాయిగా పడుతుంది. మా తమ్ముడూ నేనూ వెనక ఎక్కి ఊపాం. కుడివైపు టైరు పైపుకి రెండు వేళ్ల దూరంలోకి వచ్చేసింది, అది కూడా ఇద్దరం సన్నగా ఉన్నవాళ్లం. కింద పెట్టడం కుదరదని అర్థమైంది. బార్ పైన పెడితే మళ్లీ నడుము సమస్య.

ఇంకోటి కూడా కనపడింది. పాత బాక్సు బోల్టు కన్నాల్లో ఎడమవైపు దాని నుంచి మడ్‌గార్డు ప్లాస్టిక్ బీట ఇచ్చింది, వేలెడు పొడుగుంది. చేత్తో వంచితే నోరు తెరుస్తోంది. ఫెవిక్విక్ వేస్తే ఆగుతుందా?

కోట జంక్షన్ ప్లంబర్ (విజయనగరం)

ఫెవిక్విక్ ఆ ప్లాస్టిక్‌కి పట్టదు. అది పాలీ జాతి, నీళ్ల డ్రమ్ములాంటిది, ఏ జిగురూ అంటదు. బీట చివర ఎక్కడ ఆగిందో చూసి అక్కడ 3 ఎంఎం కన్నం వేయండి, ఇంక ముందుకి పాకదు. తర్వాత సోల్డరింగ్ ఐరన్‌తో అదే రకం ప్లాస్టిక్ ముక్క కరిగించి రెండు వైపులా పూయండి. ఆ కన్నాలకి ఇంక బరువు ఏదీ తగిలించకండి.

గ్యాస్ కటింగ్ (పలాస)

చూశారా, కంపెనీ పెట్టిన డబ్బా బరువుకే కంపెనీ ప్లాస్టిక్ బీట ఇచ్చింది. నేను మొదటినుంచీ అంటున్నది అదే, బరువు ఇనుము మీద పడాలి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అది నిజమే అన్నా, బరువు ఇనుము మీదే పడాలి. ఎక్కడి ఇనుము మీద అన్నదే మన గొడవ. ముందు వైపు చూద్దాం. బంపర్ ఉంది కదా? బంపర్ గొట్టానికీ, హెడ్‌లైట్ కిందికీ మధ్య చోటు ఉంటుంది. పైపుని అదే 110లో పొట్టిగా, జానెడు చేసి అక్కడ అడ్డంగా క్లాంపులతో కట్టొచ్చు. ముందు బరువు పడితే ఎత్తు ఎక్కేటప్పుడు మంచిదే. ఆయిల్ కూలర్‌కి గాలి వెళ్లే దారి మూయకుండా చూసుకోవాలి, అంతే. ఈ ఇంజన్ చల్లబడేది గాలితోనూ ఆయిల్‌తోనూ.

సీటు కింద పెడదాం అనే ఆలోచన మాత్రం వద్దు. అక్కడ ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఉంది. గుడ్డలో చుట్టిన పానాలు దాని మూత మీద పెడితే గాలి పీల్చే నోరు మూసుకుపోతుంది. ఇంజన్ దమ్ము లేనట్టు నడుస్తుంది, జనం కార్బొరేటర్ విప్పుకుంటూ కూర్చుంటారు.

కువైట్‌లో కంచిలి

జానెడు పైపు చాలు. ఒక స్పార్క్ ప్లగ్, ప్లగ్ పానా, 8, 10, 12, 14 పానాలు, చిన్న ప్లేయరు, చైన్ లింకు లాకుతో సహా, టైరుకి పురికొస పంక్చర్ కిట్, గేజీ, బైండింగ్ వైరు కొంచెం, ఇన్సులేషన్ టేపు. కిక్కర్ లేదన్నావు కాబట్టి సన్నటి జంపర్ వైర్లు. చేతిపంపు, తాడు మాత్రం నడుముకి. అన్నీ పాత సైకిల్ ట్యూబు ముక్కల్లో దూర్చి పెట్టు. ఉత్తినే పడేస్తే ఒకదాన్నొకటి అరగదీసుకుని గేజీ అద్దం పగిలి కూర్చుంటుంది.

ఉద్దానం కుర్రోడు (కాశీబుగ్గ)

ముందు వైపు చూశాను, చోటు ఉంది. బంపర్ గొట్టం సన్నం కాబట్టి హార్డ్‌వేర్ షాపు యూ క్లాంపు పట్టదు, వదులైపోతోంది. మావయ్య ఇంకా బుల్లెట్ డబ్బా దగ్గరే ఉన్నాడు, "తాళం లేనిదేం డబ్బా" అంటాడు. ఆయన చేత ఒప్పించాలంటే మూతకి తాళం కన్నం ముందే వేయించి చూపించాలి.

గ్యాస్ కటింగ్ (పలాస)

మీ మావయ్యది నా జాతే. నేనిప్పటికీ ఇనప డబ్బా పార్టీయే. సరే, క్లాంపు పట్టకపోతే బంపర్ గొట్టం చుట్టూ లారీ ట్యూబు రబ్బరు ఒక చుట్టు వేసి బిగించు. అప్పటికీ వదులైతే గొట్టం కొలత పట్టుకుని రా, ఫ్లాట్ పట్టీ వంచి రెండు క్లాంపులు చేసి ఇస్తాను, బండిమీద రాడ్ పెట్టే పనే లేదు. బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్‌వి, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండేవి, ఊపుకి వదులవవు) తెచ్చుకో. సముద్రం అంత దగ్గర మామూలు బోల్టు ఒక వానాకాలానికే పానాకి పట్టదు.

కోట జంక్షన్ ప్లంబర్ (విజయనగరం)

పైపు అడుగున 5 ఎంఎం కన్నం ఒకటి మర్చిపోవద్దు. లోపల చెమట పట్టిన నీళ్లు పోవాలి.