గురుత్వాకర్షణ గింత బలహీనంగ ఎందుకున్నది? టెన్త్ పోరడు అడిగిండు, ఏం చెప్పాలె

పరకాల_సైన్స్_సార్:

అందరికి నమస్తే. నేను పరకాల దిక్కు ఒక స్కూల్ల టెన్త్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్త. మొన్న క్లాసుల అయస్కాంతం తోటి గుండుసూదులు లేపి చూపిస్తుంటే ఒక పోరడు లేచి, సార్ గంత పెద్ద భూమి కిందికి గుంజుతుంటే ఈ బొటనవేలంత అయస్కాంతం ఎట్ల గెలుస్తున్నది అని అడిగిండు. గ్రావిటీ చాలా వీక్ ఫోర్స్ బిడ్డా అన్న. మరి ఎందుకు వీక్ సార్ అన్నడు, ఆడ ఆగిపోయిన. గురుత్వ స్థిరాంకం జి విలువ 6.67 × 10^-11, చిన్నగున్నది కాబట్టి వీక్ అని చెప్పొచ్చు గానీ అది వాడడిగిన ప్రశ్ననే మళ్ల అంకెల్ల రాసినట్టు. సోమవారం చెప్త అని మాటిచ్చిన. పిల్లగానికి అబద్ధం చెప్పొద్దు, తెల్వంది తెల్వదనే చెప్త, కానీ ఎంతవరకు తెలుసో నాకు ముందు సమజ్ కావాలె. తెలిసినోళ్లు చెప్పున్రి.

కాజీపేట_జంక్షన్:

సార్ మంచి ప్రశ్న అడిగిండు మీ పోరడు. ముందుగాల ఒక మాట, వీక్ ఫోర్స్ అనే పేరు ఇంకోదానికి ఉన్నది, న్యూక్లియస్ లోపల న్యూట్రాన్‌ను ప్రోటాన్‌గ మార్చి బీటా డికే చేయించేది, ఇంటర్ల పిల్లలు ఆ రెండు కలిపేసుకుంటరు, అందుకే గ్రావిటీని "బలహీనం" అనున్రి. ఆ వీక్ ఫోర్స్ కూడ నిజానికి అంత తక్కువది కాదు, దాన్ని మోసే కణాలు ప్రోటాన్ కంటే ఇంచుమించు 86, 97 రెట్లు బరువు, అందుకే దూరం పోలేదు.

జి గురించి మీరన్నది కరెక్టే. కిలో, మీటరు మనం పెట్టుకున్న కొలతలు, అవి మారితే అంకె మారుతది. అసలు పోలిక ఏందంటే, రెండు ప్రోటాన్లను పక్కపక్కన పెట్టి కరెంటు తోసే బలం ఎంత, గ్రావిటీ గుంజే బలం ఎంత అని చూడాలె. రెండూ దూరం వర్గానికే తగ్గుతయి కాబట్టి ఎంత దూరంల పెట్టినా నిష్పత్తి ఒకటే, 1 పక్కన 36 సున్నాలు. అయస్కాంతం లెక్క పిల్లల చూపు తిప్పనీకి బాగుంటది గానీ పోలికగా న్యాయం కాదు, సూదికి అయస్కాంతం మిల్లీమీటర్ల దూరంల ఉన్నది, భూమి కేంద్రమేమో 6,400 కిలోమీటర్లు కింద.

నేను ఒక లెక్క వేసి చూసిన, మీరు బోర్డు మీద వెయ్యొచ్చు. ఒక గ్రాము హైడ్రోజన్ తీసుకుని ఎలక్ట్రాన్లన్నీ హన్మకొండల, ప్రోటాన్లన్నీ చార్మినార్ కాడ పెట్టినమనుకోన్రి. చార్జి చెరి 96,500 కూలుంబులు, మధ్యల గాల్లో లెక్కేస్తే 135 కిలోమీటర్లు. అయినా సరే అవి ఒకదాన్నొకటి నాలుగున్నర లక్షల టన్నుల బరువంత బలంతో గుంజుకుంటయి. ఒక్క గ్రాముకు! మరి మనకెందుకు తెలుస్తలేదంటే ప్లస్సు మైనస్సు ఎక్కడికక్కడ కొట్టేసుకుంటయి. గ్రావిటీకి మైనస్సు లేదు, కూడుకుంటనే పోతది, అందుకే 6 × 10^24 కిలోల భూమి కూడితే మన కాళ్లు నేల మీద ఉన్నయి. రామప్పల 1213ల పెట్టిన దూలాలు ఇన్నేండ్లు కింద పడకుండ ఉన్నయంటే రాతిల అణువుల నడుమ ఆ కరెంటు పట్టే.

భద్రకాళి_బండ్:

లెక్క బాగుంది అన్న, కానీ "ఎందుకు" అనేది ఇంకా మిగిలే ఉంది. నాకు చాలా రోజులు పట్టింది ఇది అర్థం కావడానికి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్న.

ప్రశ్నను తిప్పి అడగాలె. జి, కాంతి వేగం, ప్లాంక్ స్థిరాంకం మూడిటిని కలిపితే ఒక బరువు వస్తది, ప్లాంక్ ద్రవ్యరాశి, దాదాపు 22 మైక్రోగ్రాములు, సన్న ఉప్పు రవ్వ కంటే తక్కువ. ఒక్కో కణం అంత బరువుంటే గ్రావిటీ మిగతా బలాలకు ఏం తీసిపోదు. కానీ ప్రోటాన్ దానికంటే 10^19 రెట్లు తేలిక, గ్రావిటీల రెండు ద్రవ్యరాశులు గుణించాలె కాబట్టి 38 సున్నాలు ఆడనే పోయినయి. అంటే గ్రావిటీ బలహీనం కాదు, ప్రోటాన్ తేలిక. మరి ప్రోటాన్ ఎందుకంత తేలిక?

దీనికి జవాబు ఉన్నది సార్! ప్రోటాన్ బరువుల దాని లోపలుండే క్వార్కులనే చిన్న కణాల సొంత బరువు నూటికి ఒకటి రెండు వంతులే, మిగతాదంతా స్ట్రాంగ్ ఫోర్స్ వాటిని బంధించిన శక్తి. ఆ స్ట్రాంగ్ ఫోర్స్ అతి దగ్గర దూరాల్ల మెత్తగ ఉంటది, దూరం పెరిగినకొద్ది గట్టిపడతది, ఇది 1973ల గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ తేల్చిన్రు, 2004ల నోబెల్ వచ్చింది. గట్టిపడుడు మాత్రం చాలా నిదానం. ప్లాంక్ దూరం (ఆ మూడు స్థిరాంకాలు కలిపితేనే వచ్చే అతి చిన్న దూరం) కాడ మొదలుపెట్టి పదింతలు, మళ్ల పదింతలు, అట్ల ఇంచుమించు 20 సార్లు పోతే గానీ క్వార్కులను కట్టిపడేసే బలం రాదు. ఆ ఆగిన దూరమే ప్రోటాన్ సైజు. సైజు అంత పెద్దగైంది కాబట్టి శక్తి తక్కువ, బరువు తక్కువ. ఈ వాదన విల్చెక్ బాగా చెప్తడు, నాకైతే ఫిజిక్సుల ఇంత అందమైన మాట ఇంకోటి దొరకలే.

అయితే కథ సగమే. ఎలక్ట్రాన్ తేలిక ఎందుకు, 2012ల దొరికిన హిగ్స్ అనే కణం బరువు 125 జీఈవీ (కణాల బరువు చెప్పే కొలత, ప్రోటాన్ దాదాపు ఒక జీఈవీ) కాడనే ఎందుకాగింది, పైన ప్లాంక్ ద్రవ్యరాశి 10^19 జీఈవీ కాడ ఉండంగ దాన్ని పైకి గుంజకుండ ఏం ఆపుతున్నది, దీనికి ఇప్పటికీ ఎవ్వరి కాడ జవాబు లేదు. దాన్నే హైరార్కీ ప్రాబ్లం అంటరు.

హన్మకొండ_నైట్‌షిఫ్ట్:

యూట్యూబ్‌ల గ్రావిటీ వేరే డైమెన్షన్లకు కారిపోతున్నది అని తేలిపోయినట్టే చెప్తరు సార్, పిల్లలు అదే చూసొస్తరు. అది 1998ల అర్కానీ హమీద్, డిమోపౌలోస్, ద్వాలి పెట్టిన ఆలోచన. బోరు నీళ్లు ఒక్క కాలువల పోతే జోరుగ పోతయి, చేనంతా పారితే పలుచనైతయి, అట్లనే గ్రావిటీ మనకు కనవడని దిక్కులకు పరుచుకుంటున్నదేమో అని. మంచి ఆలోచనే, అట్లైతే చిన్న దూరాల్ల వర్గానికి తగ్గే లెక్క తప్పాలె. సియాటెల్‌ల వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2020ల 52 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు) దాకా కొలిచి చూసిన్రు, లెక్క తప్పలే. కణాలను గుద్దించి చూసే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీల కూడ ఆనవాలు దొరకలే. ఆలోచన ఉన్నది, రుజువు లేదు అని చెప్పున్రి.

ఇంకోటి, 1798ల కావెండిష్ 158 కిలోల సీసం గుండ్లు పెట్టి ఈ గుంజుడును కొలిచిండు, 2021ల వియన్నల 90 మిల్లీగ్రాముల బంగారు గుండ్ల నడుమ కొలిచిన్రు. ఇది చెప్తే పిల్లలకు కండ్లు పెద్దగైతయి.

పరకాల_సైన్స్_సార్:

అందరికి చానా థ్యాంక్స్. భద్రకాళి అన్న, ప్రోటాన్ తేలిక అనే ముచ్చట రెండుసార్లు చదివిన. వాడు కచ్చితంగ ఇంకో ప్రశ్న అడుగుతడు, మరి గ్రావిటీ ఇంకొంచెం గట్టిగుంటే ఏమైతుండె సార్ అని.

భద్రకాళి_బండ్:

నక్షత్రాలు చిన్నగైతుండె సార్. ఆ 38 సున్నాల అంకెకు వర్గమూలం తీసి ఘనం చేస్తే 10^57 వస్తది, సూర్యునిల ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఇంచుమించు అంతే. చంద్రశేఖర్ హద్దు, అంటే మండుడు అయిపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రం కూలిపోకుండ ఉండగలిగే గరిష్ఠ బరువు, కూడ ఈ లెక్కల నుంచే వచ్చింది. గ్రావిటీ వంద రెట్లు గట్టిగుంటే నక్షత్రానికి వెయ్యో వంతు పదార్థం సరిపోతుండె, అది తొందరగ మండి అయిపోతుండె కూడ.

కాజీపేట_జంక్షన్:

సార్ సోమవారం అయస్కాంతం పక్కన పెట్టి ప్లాస్టిక్ దువ్వెన, కాగితం ముక్కలు తీస్కపోన్రి. అక్కడ గుంజేది చార్జే కాబట్టి ప్రోటాన్ల ముచ్చటకు సూటిగ పోవచ్చు. తల తడి లేకుండ ఉన్న పోరనితోటి దువ్వించున్రి, ముసురు పట్టిన రోజు మాత్రం చెయ్యకున్రి, చార్జి నిలవదు.