క్వాడ్‌ను పరస్పర రక్షణ ఒప్పందంగా మార్చుకోవాలా? విశాఖ తీరం నుంచి ఒక చర్చ

సింధియా మాజీ నావికుడు:

భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో కూడిన క్వాడ్‌ను, ఒకరి మీద దాడి జరిగితే మిగతావారు సైనికంగా అండగా నిలవాల్సిన పరస్పర రక్షణ ఒప్పందంగా మార్చుకోవాలా వద్దా అన్న ప్రశ్నను చర్చకు పెడుతున్నాను. మార్చుకోవాలన్నదే నా అభిప్రాయం. 1992లో భారత్, అమెరికాల మధ్య మొదలైన మలబార్ నౌకాదళ విన్యాసాల్లో 2015 నుంచి జపాన్ శాశ్వత భాగస్వామి అయింది, 2020లో ఆస్ట్రేలియా వచ్చి చేరింది. 2024 అక్టోబరులో ఈ నాలుగు దేశాల నౌకాదళాలు మన విశాఖలోనే కలిశాయి. నౌకలకు ఇంధనం, సరఫరాలు పరస్పరం అందించుకునే ఒప్పందం 2016లోనూ, రహస్య సమాచార వ్యవస్థలను అనుసంధానించే ఒప్పందం 2018లోనూ, ఉపగ్రహ పటాలను పంచుకునే ఒప్పందం 2020లోనూ అమెరికాతో కుదిరాయి. ఇంత దూరం కలిసి నడిచిన తరువాత, ఆపద వస్తే ఎవరు ఎవరికి అండగా నిలుస్తారన్నది మాత్రం రాతలో పెట్టుకోకపోవడం నాకు అర్థం కాని విషయం.

చైనా నౌకాదళం నౌకల సంఖ్యలో ఈనాడు ప్రపంచంలోనే పెద్దది. శ్రీలంకలోని హంబన్‌తోట రేవు 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా సంస్థ చేతికి వెళ్లింది. 2022 ఆగస్టులో యువాన్ వాంగ్-5 అనే నిఘా సామర్థ్యం గల నౌక, భారత్ అభ్యంతరం చెప్పినా, అదే రేవులో లంగరు వేసింది. గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులను పోగొట్టుకున్న దేశం ఇంకా తటస్థత గురించి మాట్లాడటం సరికాదు.

పెదవాల్తేరు అధ్యాపకురాలు:

మాజీ నావికుడు గారి ఆందోళనలో నాకూ భాగం ఉంది, ముగింపుతో మాత్రం ఏకీభవించలేను. గల్వాన్ ఘర్షణ జరిగింది హిమాలయాల్లో. అక్కడ మనకు అవసరమైనవి రోడ్లు, సొరంగాలు, చలిని తట్టుకునే దళాలు. టోక్యో నుంచో, కాన్‌బెరా నుంచో సైనికులు వచ్చి లద్దాఖ్‌లో నిలబడతారని ఎవరూ అనుకోరు. పరస్పర రక్షణ ఒప్పందం రెండు వైపులా కట్టేస్తుంది కనుక, తైవాన్ విషయంలో చైనా, అమెరికాల మధ్య యుద్ధం వస్తే మన బాధ్యత మాత్రం మొదటి రోజే మొదలవుతుంది. అంటే మనకు అత్యంత అవసరమైన చోట మిత్రులు రాలేరు, మనకు సంబంధం లేని చోటికి మనం వెళ్లాలి. ఈ లెక్క నాకు ఏ కోణం నుంచి చూసినా కుదరడం లేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మనం ఎంచుకోని యుద్ధంలో, బ్రిటిష్ సామ్రాజ్యపు రేవు అయిన కారణంగానే ఈ ఊరు లక్ష్యమయింది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమున్న విశాఖ ఏ యుద్ధంలోనైనా ముందు వరసలోనే ఉంటుంది. అందుచేత ఆ యుద్ధం మనదేనా కాదా అని తేల్చుకునే అధికారం మన చేతిలోనే ఉండాలని అడగడం ఈ ఊరి వారికి మరీ అవసరం.

అలాగే ఈ ఊరు పెరిగింది ఏదో ఒక పక్షం నీడన కాదు. చమురుశుద్ధి కర్మాగారాన్ని 1957లో అమెరికా కంపెనీ కాల్టెక్స్ నెలకొల్పింది. ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో వచ్చింది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, ఔటర్ హార్బర్ బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం వెలిశాయి. అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న ఇక్కడే జలప్రవేశం చేసినప్పుడు, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ రష్యా తోడ్పాటుకు బహిరంగంగానే కృతజ్ఞతలు చెప్పారు. 2012లో రష్యా నుంచి లీజుకు వచ్చిన చక్ర జలాంతర్గామి మీదే మన సిబ్బంది శిక్షణ పొందారు. ఇలాంటి పరిజ్ఞానాన్ని మనకు వేరే ఏ దేశమూ ఇవ్వలేదు. అమెరికా కూటమిలో చేరిన మరునాడు ఆ తలుపు మూసుకుపోతే, దాని స్థానంలో ఏది తెరుచుకుంటుందో ముందుగా తెలియాలి.

ఫిషింగ్ హార్బర్ ఎగుమతిదారు:

నేను రొయ్యల వ్యాపారంలో ఉన్నాను, నాకు తెలిసిన సంగతి ఒక్కటే చెబుతాను. 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసింది, అంతకు ముందు వేసిన 25 శాతంతో కలిపి అది 50 శాతానికి చేరింది. ఆంధ్ర తీరపు రొయ్యలకు అమెరికాయే పెద్ద మార్కెట్. చెరువు దగ్గర ధర పడిపోయినప్పుడు రైతుకు సమాధానం చెప్పలేక నలిగిపోయింది మేమే. ఏ చమురు కొనాలో సుంకంతో శాసించే దేశం, ఒప్పందం మీద సంతకం చేశాక ఇంకెన్ని శాసిస్తుందో పెద్దలు ఆలోచించాలి.

సింధియా మాజీ నావికుడు:

ఎగుమతిదారు గారి బాధను నేను తక్కువ చేయను. అయితే ఆ సుంకాల వివాదం నడుస్తున్న 2025లోనే, అక్టోబరు 31న రెండు దేశాల రక్షణ మంత్రులు కౌలాలంపూర్‌లో పదేళ్ల రక్షణ సహకార పత్రం మీద సంతకాలు చేశారు. వాణిజ్యం ఒక దారిన, భద్రత మరొక దారిన నడవగలవని రెండు ప్రభుత్వాలూ భావించాయన్నమాట.

అధ్యాపకురాలు గారు 1942ను గుర్తు చేశారు, నేను 1971ని గుర్తు చేస్తాను. ఆ ఏడాది ఆగస్టు 9న ఇందిరా గాంధీ ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా అమెరికా ఏడవ నౌకాదళానికి చెందిన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు, సోవియట్ నౌకలు దాని వెన్నంటి రావడానికి వెనుక ఆ రాత ఉంది. అలీనోద్యమానికి పునాది వేసిన దేశమే అవసరం ముంచుకొచ్చినప్పుడు ఒక అగ్రరాజ్యంతో కాగితం రాసుకుంది. అణు జలాంతర్గాముల పరిజ్ఞానం విషయానికి వస్తే, అమెరికా దానిని 1958లో బ్రిటన్‌కు ఇచ్చింది, 2021లో ఆస్ట్రేలియాకు ఇస్తానని మాట ఇచ్చింది. రెండూ ఒప్పంద మిత్రులే. సంతకం పెట్టని వారికి ఆ తలుపు తెరుచుకోదు.

పెదవాల్తేరు అధ్యాపకురాలు:

1971 ఒప్పందాన్ని ప్రస్తావించినందుకు కృతజ్ఞతలు, ఎందుకంటే నా వాదన అందులోనే ఉంది. దాని తొమ్మిదవ అధికరణం, ఏ పక్షం మీదనైనా దాడి జరిగినా, దాడి ముప్పు ఎదురైనా, వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలని చెప్పింది. సోవియట్ యుద్ధాల్లోకి భారత సైన్యాన్ని పంపాలని ఎక్కడా అనలేదు. అయినా అది పనిచేసింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక 1993లో రష్యాతో రాసుకున్న కొత్త ఒప్పందంలో ఆ భద్రతా నిబంధన లేదు. ఆ దశాబ్దమంతా మన దళాలు విడిభాగాల కోసం ఎంత ఇబ్బంది పడ్డాయో మాజీ నావికుడు గారికి నా కంటే బాగా తెలుసు.

ఇక పూర్తి స్థాయి కూటమి ఏం చేయగలదో చూడాలంటే మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న ఘాజీని చూడవచ్చు. 1954లోనే అమెరికా కూటమిలో చేరిన పాకిస్తాన్‌కు ఆ దేశమే ఇచ్చిన జలాంతర్గామి అది. 1965 యుద్ధంలో అమెరికా పాకిస్తాన్‌కు ఆయుధాలు ఆపేసింది. 1971లో ఎంటర్‌ప్రైజ్ వచ్చి కూడా తూర్పు పాకిస్తాన్‌ను నిలపలేకపోయింది. పెద్ద దేశం తన అవసరాన్ని బట్టి వస్తుంది, సంతకాన్ని బట్టి కాదు. మిత్రదేశమని చెప్పుకుంటూనే 2021 ఏప్రిల్‌లో లక్షద్వీప్ దగ్గర, మనకు ఆర్థిక హక్కులున్న సముద్ర ప్రాంతమైన ప్రత్యేక ఆర్థిక మండలంలో, మన అనుమతి లేకుండా, అమెరికా యుద్ధనౌక తిరిగి ఆ సంగతిని ప్రకటించుకుంది కూడా.

అందుచేత, తొమ్మిదవ అధికరణం లాంటి సంప్రదింపుల నిబంధనను హిందూ మహాసముద్రానికి పరిమితం చేసి క్వాడ్ దేశాలతో రాసుకుంటామంటే నేను ఒప్పుకుంటాను. శాశ్వత స్థావరాలు ఉండకూడదు. ఇంధనం, సరఫరాలు 2016 ఒప్పందంలో ఉన్నట్టు ఎప్పటికప్పుడు, సందర్భాన్ని బట్టి నిర్ణయించుకునేవిగానే ఉండాలి. అంతకు మించిన హామీ కోరేవారు, తైవాన్ జలసంధిలో యుద్ధం మొదలైన రోజున విశాఖ రేవులో ఎవరి నౌకలకు ఇంధనం నింపాలన్న నిర్ణయం ఢిల్లీ చేతిలో ఉంటుందో లేదో ముందు చెప్పాలి.