గ్యారేజీ నేల: మళ్లీ ఎపాక్సీ వేయించాలా, టైల్సా, ఉత్త గచ్చు చాలా?

నీలిగేటు:
మా గ్యారేజీలో ఒక కారు, ఒక బైకు ఉంటాయి. నేల ఇల్లు కట్టినప్పుడు పోసిన కాంక్రీటే. రెండేళ్ల కిందట ఒకే డబ్బాలో వచ్చే ఎపాక్సీ పెయింటు తెచ్చి, నేలంతా కడిగి ఆరబెట్టి, ఇంట్లోవాళ్లమే రోలర్‌తో రెండు కోట్లు వేసుకున్నాం. ఆరు నెలలు చూడముచ్చటగా ఉంది. తర్వాత ఒకరోజు కారు బయటికి తీస్తే ముందు టైరు ఆగే చోట అరచెయ్యంత ముక్క లేచి టైరుకే అంటుకుని వచ్చేసింది. ఇప్పుడు నాలుగు టైర్ల కిందా అదే వరస. ఇది కాక వెనక గోడ వారన పూత బుడగలు బుడగలుగా పొంగింది, వేలితో నొక్కితే పుటుక్కున పగిలి కింద తెల్లటి పొడి కనిపిస్తోంది.

మావారు ఈసారి టైల్స్ వేయించేద్దాం అంటున్నారు. మా అబ్బాయి అసలైన ఎపాక్సీ వేయిస్తే ఇలా అవదంటాడు. నాకైతే ఉన్నదంతా గీకించేసి ఉత్త గచ్చుగా వదిలేస్తే ఈ టెన్షనే ఉండదు కదా అనిపిస్తోంది. కారు పని కొంత ఇంట్లోనే చేసుకుంటాం, జాక్ పెట్టడం, ఆయిల్ మార్చడం లాంటివి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతస్పానర్:
మీరనుకున్నదే సరైనదండి. ఇరవై ఏళ్లుగా నా గ్యారేజీలో ఉత్త కాంక్రీటే. నేల మీద ఒక పొర వేశారంటే ఇక ఆ పొర బాగోగులు చూసుకోవడం ఒక పని అయిపోతుంది, పొరే లేకపోతే ఊడటానికి ఏముంటుంది? ఉత్త గచ్చుతో వచ్చే ఇబ్బందులు రెండే, పొడి రాలడం, నూనె పీల్చుకోవడం. పొడి రాలకుండా డెన్సిఫయర్ అని ఒకటి దొరుకుతుంది, చూడటానికి నీళ్లలా ఉంటుంది, సోడియం సిలికేటో లిథియం సిలికేటో. నేల మీద పోసి, చెప్పినంతసేపు తడిగా ఉంచితే లోపలికి ఇంకి కాంక్రీటులో మిగిలి ఉన్న సున్నంతో కలిసి గట్టిపడుతుంది. సిమెంటుకి బలం ఇచ్చే పదార్థం లాంటిదే అక్కడ పుడుతుంది, కాబట్టి నేల తనంతట తనే గట్టిపడినట్టు, పైన ఏమీ ఉండదు.

ఇక నూనె. ఒలికిన వెంటనే రంపపు పొట్టు చల్లి కాసేపు పీల్చుకోనిచ్చి ఊడ్చేయండి, తర్వాత డిగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) వేసి గట్టి బ్రష్‌తో తోమండి. మచ్చ లీలగా మిగులుతుంది. మిగలనివ్వండి, అది పని చేసుకునే చోటు.

పూతపని:
పాతస్పానర్ గారూ, మీ నేల మీకు బాగుంది, సంతోషం. కానీ పొర వేస్తే ఊడి తీరుతుందన్నట్టు మాట్లాడటం ఒప్పుకోను. నేను చేసే పనే ఫ్లోర్ కోటింగ్. ఊడిపోయిందని పిలిచిన చోట చాలాసార్లు తప్పు పూతది కాదు, పూత వేయకముందు నేలని తయారుచేసిన తీరుది. నీలిగేటు గారి మాటల్లోనే ఉంది, "కడిగి ఆరబెట్టి" వేశారు. కడిగితే మురికి పోతుంది గానీ గరుకు రాదు. డైమండ్ గ్రైండర్‌తో పై పొర తీసేస్తే, చేత్తో నిమిరినప్పుడు ఉప్పుకాగితంలా తగలాలి. యాసిడ్‌తో కడగడం కూడా ఒక పద్ధతే, కాకపోతే నూనె ఉన్న చోట యాసిడ్ పనిచేయదు, పైగా తర్వాత బాగా కడక్కపోతే మిగిలిన ఉప్పులే పూతని పట్టనివ్వవు.

ఒకే డబ్బా విషయం కూడా చెప్పాలి. ఎపాక్సీ అంటే రెజిన్ ఒక డబ్బా, హార్డెనర్ ఒక డబ్బా, రెండూ కలిపిన దగ్గర్నుంచి గడియారం చూసుకుంటూ చేయాల్సిన పని, ఆలస్యం చేస్తే బకెట్లోనే వేడెక్కి గడ్డకట్టేస్తుంది. ఒకే డబ్బాలో వచ్చేది ఎక్కువగా ఆక్రిలిక్ పెయింటే, అందులో కాస్త ఎపాక్సీ ఉంటుంది. అలాంటివి ఆరాక కోటుకి 50-75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం మిగలడమే ఎక్కువ. ద్రావకం లేని, నూటికి నూరు పాళ్లు గట్టిపడే ఎపాక్సీని మేం 250 మైక్రాన్లకు తగ్గకుండా వేస్తాం. తిరిగొచ్చిన కారు టైరు వేడిగా ఉంటుంది, పలచటి పూత ఆ వేడికి మెత్తబడి టైరుకి అంటుకుంటుంది, టైరు చల్లారి ముడుచుకునేటప్పుడు పూతని పట్టి లాగుతుంది. మీకు జరిగింది ఇదే.

ఒక పని చేయండి, ఊడిన ముక్కని తిరగేసి చూడండి. వెనక సిమెంటు పొర అంటుకుని వస్తే మీ కాంక్రీటు పైభాగం బలహీనంగా ఉన్నట్టు. వెనక నున్నగా ఉంటే పూత అసలు నేలని పట్టుకోనే లేదన్నట్టు. గోడ వారన బుడగలు మాత్రం వేరే జబ్బు, అది చెమ్మలా ఉంది. ఆ రెంటినీ కలిపి చూడకండి.

తాపీచేయి:
టైల్స్ అనగానే అందరూ పగిలిపోతాయని భయపెడతారు, అందుకే రాస్తున్నా. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చుకునేది అర శాతం లోపే, నూనె ఒలికినా గుడ్డతో తుడిస్తే పోతుంది. పగిలేది టైలు బలం లేక కాదు, కింద డొల్ల ఉండి. నాలుగు మూలలా ముద్దలు పెట్టి పైన టైలు అద్దేస్తే మధ్యలో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ మీదకి జాక్ చక్రం వచ్చిందా, అయిపోయింది. కిందంతా నిండుగా అడ్హెసివ్ (టైలు అంటించే జిగురు) పరిచి, వెనక వైపు కూడా పూసి, తట్టి కూర్చోబెట్టాలి. మర్నాడు కర్రతో ఒక్కొక్క టైలు తట్టుకుంటూ వెళ్లండి, డొల్ల శబ్దం వచ్చినవి తీయించి మళ్లీ వేయించండి, మేస్త్రీ విసుక్కున్నా సరే.

నునుపు టైలు మాత్రం వద్దు, తడి టైర్లతో కారొచ్చాక మనిషి అడుగేస్తే జారిపోతాడు, మాట్ రకమే తీసుకోండి. తలుపు వైపుకి మీటరుకి ఒక సెంటీమీటరు వాటం ఉండాలి. టైలు, అడ్హెసివ్ కలిపి నేల ఎత్తు పెరుగుతుంది కాబట్టి షట్టరు కింద ఎంత సందు ఉందో ముందే కొలవండి. కాంక్రీటు ఎక్కడపడితే అక్కడ పగలకుండా ముందే కోసిన గీతలు ఉంటే అవి టైల్స్‌లోనూ అదే చోట కనిపించాలి, ఆ గీత మీదుగా టైలు పరిస్తే ఎంత మంచి టైలైనా చీలుతుంది.

రెండుచక్రాలు:
ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ పలకల గురించి ఎవరూ అనలేదు. నేను మూడేళ్ల కిందట అవే వేశాను, ఒక మధ్యాహ్నంలో అయిపోయింది, ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. బైకు సైడు స్టాండు కింద మాత్రం చిన్న ఇనుప పలక పెట్టాల్సిందే, లేకపోతే పలకలో గుంట పడుతుంది. పీవీసీ రకం అయితే టైర్లు ఆగే చోట గోధుమరంగు మచ్చలు వస్తాయి, అవి మురికి కాదు, రబ్బరు ఎండకి, గాలికి చీలకుండా టైర్లలో కలిపే రసాయనం దిగడం వల్ల వచ్చేవి, ఎంత తోమినా పోవు. అందుకే నల్లవి వేసుకున్నా. ఒక్క జాగ్రత్త, వానాకాలం కారు తెచ్చిన నీళ్లు పలకల కిందకి దిగి నిలిచిపోతాయి, ఏడాదికోసారి పలకలన్నీ లేపి కింద కడిగి ఆరబెడతాను, లేకపోతే వాసన.

పాతస్పానర్:
చూశారా, ప్రతి ఒక్కరూ "ఒక్క జాగ్రత్త" దగ్గరికే వస్తున్నారు. గ్రైండింగు, కొలతలు, ఏడాదికోసారి లేపడం. పూతపని గారి 250 మైక్రాన్ల పూత మీద కూడా వెల్డింగు నిప్పురవ్వ పడితే మచ్చే, గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ పడి చూసుకోకపోతే అది పూతని మెత్తబరుస్తుంది, తలుపు దగ్గర ఎండ పడేచోట ఎపాక్సీ పసుపెక్కుతుంది.

పూతపని:
పసుపెక్కేది నిజమే, అందుకే ఎండ తగిలే చోట పైకోటు పాలియురేథేనో పాలీఆస్పార్టిక్కో వేస్తాం, అవి ఎండకి ఆగుతాయి. బ్రేక్ ఆయిల్ విషయం కూడా నిజమే, వెంటనే తుడవాలి. కానీ బ్యాటరీ యాసిడ్ ఒలికితే మీ ఉత్త గచ్చునే తినేస్తుందని మీరు చెప్పలేదు. వంటసోడా చల్లి నురగ ఆగేదాకా ఉంచి కడగాలి, అయినా గుంట మిగులుతుంది. వంగి పని చేసుకునేవాడికి ఒక చిన్న స్క్రూ కింద పడితే మెరిసే లేతరంగు నేల మీద కనిపించినంత బాగా నల్లటి గచ్చు మీద కనిపించదు, వెలుతురు కూడా తేడాగానే ఉంటుంది. ఇది నాకు పని ఇచ్చేది కాబట్టి చెప్పడం లేదు, సొంత గ్యారేజీలో నేనూ అదే వేసుకున్నాను.

నీలిగేటు:
అందరికీ థాంక్స్. పూతపని గారు చెప్పినట్టు ఊడిన ముక్క తిరగేసి చూశాను, వెనక ప్లాస్టిక్ అట్టలా నున్నగా ఉంది, సిమెంటు రేణువు ఒక్కటి కూడా లేదు. అంటే అది నేలకి పట్టుకోనే లేదు.

చెమ్మ ఉందో లేదో చూడటానికి 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీట్లు రెండు కోసి, పూత గీకేసిన చోట నాలుగు వైపులా టేపు అంటించి, ఒకటి గోడ వారన, ఒకటి మధ్యలో పెట్టాం. ఈ పరీక్షకి కనీసం 16 గంటలు ఉంచాలంటారు, మేం పూర్తిగా ఒక రోజు ఉంచాం. మధ్యలో ఉన్నది పొడిగా ఉంది. గోడ దగ్గరి షీటు లోపలి వైపు సన్నటి ముత్యాల్లాంటి నీటి చుక్కలు, కింద కాంక్రీటు చుట్టుపక్కల కంటే ముదురుగా మారింది. బయటికెళ్లి చూస్తే ఆ గోడ అవతల డాబా మీంచి వచ్చే వాన నీటి పైపు సరిగ్గా గోడ మొదట్లోనే ఖాళీ అవుతోంది, మట్టి కూడా లోపలి నేల కంటే ఎత్తుగా ఉంది. ఇన్నేళ్లూ రోజూ ఆ పక్కనుంచే తిరుగుతున్నాం.

తాపీచేయి:
ముందు ఆ పైపు సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. మట్టి తీసి నేల మట్టానికి కిందకి దించి, గోడ నుంచి బయటికి వాటం ఇవ్వండి, పైపుకి వంపు పెట్టి నీళ్లని దూరంగా వదలండి. చెమ్మ ఉండగా టైల్స్ వేస్తే ఊడకపోవచ్చు గానీ అతుకుల్లో తెల్లగా ఉప్పు పూస్తూనే ఉంటుంది.

పూతపని:
నేను కూడా ఇప్పుడు ఎపాక్సీ వేయొద్దనే చెప్తాను. కింద నుంచి వచ్చే ఆవిరికి దారి లేకపోతే అది పూతని పొంగిస్తుంది. చెమ్మని ఆపే ప్రత్యేక ప్రైమర్లు (పూత కింద వేసే తొలి కోట్లు) ఉన్నాయి, కానీ నీళ్లు వచ్చే దారి తెలిశాక దాన్ని మూయకుండా లోపల ప్రైమర్ వేయడం దండగ. ఒక వానాకాలం గడవనివ్వండి, మళ్లీ షీటు పెట్టి చూడండి, అదీ రెండు మూడు చోట్ల, ఎందుకంటే పొడిగా ఉన్న రోజుల్లో పెడితే చెమ్మ ఉన్నా కనిపించకపోవచ్చు. అప్పుడు పొడిగా వస్తే వేయండి. ఈలోగా పాత పూత గ్రైండర్‌తో తీయించేయండి, మిషన్‌కి వ్యాక్యూమ్ తగిలించి, మాస్కు పెట్టుకుని చేయించండి, కాంక్రీటు ధూళి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

ఒకటే మనవి, తర్వాత పూత వేసే ఆలోచన ఉంటే ఇప్పుడు డెన్సిఫయర్ పోయకండి. అది పోస్తే నేల రంధ్రాలు మూసుకుని పూత పట్టడం కష్టమవుతుంది, మళ్లీ గ్రైండ్ చేయాలి.

పాతస్పానర్:
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. గ్రైండ్ చేసిన తాజా నేలని ఏమీ పోయకుండా ఒక వానాకాలం అలా వదిలేస్తే కారు తిరిగిన చోటల్లా పొడి, ఇల్లంతా కాళ్లకి అంటుకుని వస్తుంది, ఒక్కసారి నూనె ఒలికిందంటే తెరుచుకున్న రంధ్రాల్లోకి లోతుగా దిగుతుంది. ఆ నూనె మీద రేపు మీ పూత పడుతుందా? డెన్సిఫయర్ చెమ్మని లోపల బంధించదు, ఆవిరి దాని దారిన అది పోతుంది. వాళ్లు పని చేసుకోవాల్సింది ఇప్పుడు.

నీలిగేటు:
మీ ఇద్దరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. పైపు పని నిన్న అయిపోయింది, మట్టి జానెడు లోతు తీయించాం. గ్రైండింగు శనివారం పెట్టుకున్నాం. డెన్సిఫయర్ కారు నిలిపే చోట, పని చేసుకునే చోట పోయిస్తున్నాను, గోడ వారన రెండడుగులు మాత్రం ఏమీ పోయకుండా వదులుతాను, అక్కడ వానల తర్వాత షీటు పెట్టి చూడటానికి. రేపు పూతే కావాలనిపిస్తే మళ్లీ గ్రైండింగు తప్పదని తెలిసే ఈ పని చేస్తున్నాను. ఆ షీటు కింద ఏం కనిపించిందో ఇక్కడే రాస్తాను.