చెరువులో రింగు లాగే బోటుకు లైసెన్స్ అడిగితే జాలర్ల పొట్ట కొట్టినట్టా?

పెన్నగట్టు (నెల్లూరు):
మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక రీల్ పెట్టారు. రిజర్వాయర్‌లో ఇంజిన్ బోటు, వెనక తాడుకు గాలి రింగు, దాని మీద ముగ్గురు పిల్లోళ్లు. బోటు నడిపే అబ్బాయి ఒక చేత్తో ఇంజిన్ పట్టుకుని, ఇంకో చేత్తో వెనక్కి తిరిగి వీడియో తీస్తున్నాడు. సగం మంది సూపర్ అన్నారు, సగం మంది ఆపించాలి అన్నారు. నేనడిగింది ఒకటే. డబ్బులు తీసుకుని జనాన్ని తిప్పే ఇంజిన్ బోటు నడిపేవాడికి లైసెన్స్, తాడు కట్టి మనుషుల్ని లాగితే దానికి విడిగా అనుమతి ఉండాలా వద్దా? వెంటనే ఒకాయన 'జాలర్ల పొట్ట కొట్టొద్దు' అని విరుచుకుపడ్డాడు. ఉండాలనే నా వాదన. మీరేమంటారు?

ఇరకం రేవు (తడ):
ఆ 'ఒకాయన' లాంటోణ్ణే నేనూ. మా ఇరకం దీవికి రోడ్డు లేదు. ఆసుపత్రికైనా, రేషన్‌కైనా భీమునివారిపాళెం రేవు నుంచి పడవే దిక్కు. చిన్నప్పటి నుంచి పులికాట్ సరస్సు మీదే ఉండేవాళ్లకు పరీక్ష పెట్టి కాగితం ఇస్తారా? రేపు లైసెన్స్ అంటే ఏమవుతుందో చెప్తా. డబ్బున్నోడు నాలుగు స్పీడ్ బోట్లు దించుతాడు, కాగితాలన్నీ వాడి దగ్గర ఉంటాయి, మేము వాడి దగ్గర కూలికి నడుపుతాం. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. వేసవి సెలవులూ అప్పుడే. రేవు రేవునా మావాళ్లకు ఆ రెండు నెలలు నాలుగు డబ్బులు కనిపించేది టూరిస్టుల వల్లే. అదీ లాగేసుకుంటే ఎట్టా?

ఒంగోలు గిత్త:
అన్నా, నీ బాధ కాదనను. కానీ 2017 నవంబర్ 12 ఒంగోల్లో ఎవరూ మర్చిపోలేదు. కార్తీక మాసం, ఆదివారం. మా ఊరి వాకర్స్ క్లబ్ వాళ్లు విజయవాడ పోయి, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం చూద్దామని బోటెక్కారు. ఆ బోటుకు అనుమతి లేదు, జనం ఎక్కువ. 20 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువ మంది మావాళ్లే. ఒకే రోజు ఎన్ని వీధుల్లో షామియానాలు వేశారో చూసినవాణ్ణి. అడిగేవాడు ఉండి, 'కాగితం చూపించు, జాకెట్లు చూపించు' అని ఒడ్డునే ఆపి ఉంటే? అంతకుమించి నాకు వాదన అక్కర్లేదు.

ఇరకం రేవు:
అప్పుడు నీళ్లలోకి దూకి మనుషుల్ని లాగింది కూడా పడవలోళ్లే తమ్ముడూ. ఆ మాట కూడా రాయి.

ఒంగోలు గిత్త:
రాశాననుకో. లాగాల్సిన అవసరం రాకూడదనే కదా నా గోల.

కావలి టు కెనడా:
నేను ఒంటారియోలో ఉంటా, ఇక్కడ వేసవంతా సరస్సుల మీదే. సరదాకి తిరిగే సొంత మోటార్ బోటైనా నడిపేవాడి దగ్గర ఆపరేటర్ కార్డు ఉండాలి, 2009 నుంచి అందరికీ తప్పనిసరి. లాగుడు విషయంలో రూల్స్ ఇంకా గట్టివి. నడిపేవాడు కాకుండా, తాడు వెనక ఉన్న మనిషినే చూస్తూ కూర్చునే రెండోవాడు బోటులో ఉండాలి. వెనక ఎంతమందిని లాగుతున్నారో అన్ని సీట్లు బోటులో ఖాళీగా ఉండాలి, ఎందుకంటే ఏదైనా అయితే అందరినీ లోపలికి ఎక్కించుకోవాలి. సూర్యాస్తమయమైన గంట తర్వాత నుంచి తెల్లారేదాకా లాగకూడదు. నీళ్ల స్కూటర్‌తో లాగాలంటే అది ముగ్గురు కూర్చునేదై ఉండాలి. గాలి నింపుకునే రకం లైఫ్ జాకెట్ ఈ ఆటకు చెల్లదు, ఫోమ్‌దే ఉండాలి. మనకు కష్టమైనవి ఇందులో ఏమున్నాయి?

బుచ్చి బాబాయ్ (కనిగిరి రిజర్వాయర్ కింద రైతు):
అబ్బాయ్, ఆ కార్డు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో రాసే పరీక్షట కదా? ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుందట. మా మేనల్లుడు అక్కడే ఉన్నాడులే, చెప్పాడు. ఈత రానోడికీ వస్తుంది ఆ కార్డు.

కావలి టు కెనడా:
నిజమే బాబాయ్. కార్డు వచ్చినంత మాత్రాన బోటు నడపడం రాదు. కానీ రెండో మనిషి రూల్ కార్డు మీద ఆధారపడలేదు. పోలీసు దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, బోటులో ఒక్కడే ఉండి వెనక రింగు ఉంటే తప్పే.

పెన్నగట్టు:
నాకు కావాల్సింది ఇదే. లాగుడు ప్రమాదం ఎక్కడుందో చెప్తా, రీల్స్ చూసేవాళ్లకు తెలియదు. బోటు మలుపు తిరిగితే రింగు దాని వెనకే రాదు, బయటికి విసురుతుంది. ఆ క్షణంలో రింగు వేగం బోటు వేగం కన్నా ఎక్కువ. గట్టు దగ్గర తిప్పితే పిల్లోడు రాళ్ల మీదికే. మనిషి పడితే బోటు తిరిగి రావాలి, వచ్చేటప్పుడు తాడు వదులై నీళ్లలో చుట్టలు పడుతుంది, అది ప్రొపెల్లర్‌కో మనిషి కాలికో తగులుకుంటుంది. తాడును చేతికి చుట్టుకుని కూర్చునే వీరులు కూడా ఉంటారు, వేళ్లు పోతాయి. బండి లాగే ఎద్దుకు వెనక ఏం జరుగుతోందో తెలియదు, నడిపేవాడిదీ అదే పరిస్థితి. వాడు ముందు చూడాలి, వెనక చూసే కళ్లు వేరే ఉండాలి. సైగలు కూడా ఒడ్డునే నేర్పాలి: బొటనవేలు పైకంటే వేగం పెంచు, కిందకంటే తగ్గించు, మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడిస్తే ఇంజిన్ ఆపు. పడినవాడు రెండు చేతులు తల పైన కలిపి చూపిస్తే బాగానే ఉన్నా అని.

గుండ్లకమ్మ నీళ్లు (మద్దిపాడు):
ఇంజినీరింగ్ వైపు ఉద్యోగం చేసి రిటైరయ్యా కాబట్టి ఒక మాట. మన రిజర్వాయర్లు కెనడా సరస్సులు కావు. నీటి మట్టం నెలనెలా మారుతుంది. మా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్‌కు 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు గేటు కొట్టుకుపోతే నీళ్లు ఎట్లా పోయాయో అందరూ చూశారు. మట్టం దిగితే మునిగిన చెట్ల మోళ్లు, పాత గట్లు, రాళ్లు జానెడు లోతులోకి వస్తాయి, పైకి కనిపించవు. దానికి తోడు వలలు. ఒక్క వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే బోటు ఆగిపోతుంది, జాలరికి వల పోతుంది. తూము దగ్గర, కలుజు (నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర ఈ ఆటలు అసలే వద్దు, కలుజు పారేటప్పుడు నీటి లాగుడు పైకి తెలియదు. ముందు లాగుడికి ఒక హద్దు గీసి, తేలే డబ్బాలు కట్టండి. హద్దు లోపల వలలు వద్దు, హద్దు బయట రింగులు వద్దు. పులికాట్‌లో అయితే నన్నడిగితే లాగుడే వద్దు. లోతు చాలా చోట్ల మనిషి నడుము దాకా రాదు, పైగా పక్షుల అభయారణ్యం. ఫ్లెమింగోల మధ్య స్పీడ్ బోటు ఏంటి?

ఇరకం రేవు:
సార్ చెప్పింది సబబుగా ఉంది. పులికాట్‌లో రింగు లాగాలని మేమూ అడగలేదు.

పొదలకూరు పోరడు:
అందరూ ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు. 2023 ఫిబ్రవరిలో మా తోడేరు చెరువులో ఏ ఇంజిన్ ఉందని? పది మంది కుర్రోళ్లు నాటు పడవ ఎక్కారు, తిరగబడింది, నలుగురు ఈదుకుంటూ వచ్చారు, ఆరుగురు పోయారు. లైసెన్స్ ఉన్నా లేకున్నా ఆ పడవకు పది మంది ఎక్కువ, జాకెట్లు లేవు. మీ చర్చలో ఆ పడవ ఎక్కడుంది?

పెన్నగట్టు:
మంచి ప్రశ్న. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. ఇంజిన్ పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, నడిపేవాళ్లకు అర్హత పత్రం అందులో ఉన్నాయి. ఇంజిన్ లేని పడవల లెక్క స్థానిక సంస్థలకు అప్పగించే వీలూ ఉంది. అంటే పంచాయతీ తలచుకుంటే పడవ పక్కన 'ఇంతమందే' అని రంగుతో రాయించొచ్చు. రాయించాలనే ఆలోచన రావాలి అంతే.

బుచ్చి బాబాయ్:
రాయించినా చదివేదెవరు, పండగ పూట పదకొండో వాణ్ణి 'దిగు' అనేదెవరు? మన దగ్గర అట్టా అంటే బంధుత్వాలు చెడిపోతాయి. జాకెట్ల సంగతీ అంతే. ఇచ్చినా బెల్టు పెట్టుకోరు, ఫోటోకి లావుగా కనిపిస్తామని. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవుల దాకా వచ్చిందంటే అది నీళ్లలో తలమీద నుంచి ఊడిపోయే జాకెట్టే.

ఒంగోలు గిత్త:
బాబాయ్ అన్నది కరెక్ట్. అందుకే అడిగే మనిషి బంధువు కాకూడదు, జీతం తీసుకునేవాడై ఉండాలి. రేవులో ఒక మనిషిని పెట్టమనండి.

ఇరకం రేవు:
సరే, నేను ఎక్కడిదాకా ఒప్పుకుంటానో చెప్తా. పరీక్ష పెట్టండి, కానీ ఆఫీసులో కాదు, రేవులో. తెలుగులో, నోటితో. మాలో చదువు రానోళ్లు ఉన్నారు. ఫీజు మేము కట్టగలిగేంత తక్కువే ఉండాలి. పరీక్ష పాసైన జాలరికి ముందు అవకాశం, తర్వాతే బయటి బోట్లు. ఇక రెండో మనిషి సంగతి. వాడికి రోజు కూలి ఎవరిస్తారు? రింగు మీద ముగ్గురు ఎక్కితే వచ్చే డబ్బులో పెట్రోలు పోను మిగిలేదెంత?

కావలి టు కెనడా:
టికెట్‌లో కలపాలన్నా. ఆట కావాలనుకున్నవాడే కట్టుకోవాలి.

ఇరకం రేవు:
పక్కోడు రెండో మనిషి లేకుండా తక్కువకే తిప్పుతుంటే నా బోటు ఎవరెక్కుతారు?

గుండ్లకమ్మ నీళ్లు:
అందుకే అది ఎవరికి వారి ఇష్టానికి వదిలేసే విషయం కాదు. అందరికీ ఒకే రేటు, ఒకే రూలు ఉంటేనే నిలబడుతుంది. లేదంటే జాగ్రత్తగా ఉన్నవాడే నష్టపోతాడు.

పెన్నగట్టు:
రేవు అన్నా, రేవులో పరీక్షకు మొదటి ప్రశ్న నాది. పడినవాడి దగ్గరికి బోటు ఎట్టా తెస్తావ్?

ఇరకం రేవు:
వాడు నాకు కనిపించే వైపు నుంచే, మెల్లగా. దగ్గరికి రాకముందే ఇంజిన్ ఆపేసి, వాణ్ణి పక్క నుంచి ఎక్కిస్తా, వెనక నుంచి కాదు. పాసా?

పెన్నగట్టు:
పాస్. ఆ రీల్‌లో పిల్లోణ్ణి కూడా ఇదే అడగాలి.

పొదలకూరు పోరడు:
వాడి సంగతి సరే. మా చెరువులో పడవ మీద 'ఇంతమందే' అని రాయించడానికి పంచాయతీకి అర్జీ ఎట్టా రాయాలో ఎవరైనా చెప్తే రేపే తీసుకెళ్తా.